అరవై ఒకటో పల్లు

నేను మిల్లులో చేసిన ఉద్యోగం ఏమిటో మా ఆవిడకు చివరిదాకా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే, పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, కూయగానే పోయి సాయంత్రందాకా నూలు తెంపి వస్తాడని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. స్పిన్నింగ్ మిల్లులో పరీక్ష గది అంటే అదే. నూలు తెచ్చి, కొలిచి, తూచి, తెగేదాకా లాగి, ఎంత బరువుకు తెగిందో చెప్పడం. ఈ మధ్య మిల్లుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నా దగ్గరికొచ్చి, ఈ పనిలో పైకి రావాలంటే ఏం చదవాలని అడుగుతున్నారు. పైకి రావడం గురించి నాకు పెద్దగా తెలియదు. వచ్చినంత వచ్చాను, దిగిపోయాను. నాకు తెలిసిన పని గురించి అడిగితే మాత్రం ఒక పళ్ళచక్రం కథ చెబుతాను.

తమిళనాడులోని మా రాజపాళయంలో మేం మాట్లాడే తెలుగు పుస్తకాల తెలుగు కాదు. మా తాత దిద్దించిన అక్షరాలతో, ఆ తర్వాత చదువుకున్న పుస్తకాల తెలుగుతో రాస్తున్నాను కనుక నా రాత అక్కడక్కడా బిగుసుకున్నట్టుంటే సర్దుకోండి. మనుషుల మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే రాస్తాను.

లెక్కల పిచ్చి

మాది రాజపాళయం పక్కనే చోళపురంలో సేద్యం చేసుకునే కుటుంబం. మదురైలో లెక్కలు ప్రధానంగా బి.ఎ. చదివాను. సంఖ్యల్లో నాకు నచ్చింది ఒక్కటే, పెద్ద సంఖ్యను విడదీయడం. ఏ సంఖ్య ఏయే సంఖ్యల్ని గుణిస్తే వచ్చిందో, దేనికి లొంగుతుందో, దేనికి లొంగదో చూడటం. బస్సు నంబరు కనబడినా, పత్తి బేలు మీద గుర్తు కనబడినా నోట్లో గొణుక్కుంటూ విడదీసేవాణ్ణి. మా నాయన, "వీడికి గాలి సోకింది, లేకపోతే నంబర్లతో మాట్లాడతాడా" అనేవాడు. దీనితో కూడు పుడుతుందని నేనూ అనుకోలేదు. యాభైల చివర్లో మిల్లులో చేరినప్పుడు నన్ను అడిగింది, దశాంశాల లెక్క తప్పు లేకుండా చేయగలవా అని మాత్రమే.

మా పైఅధికారి స్పిన్నింగ్ మాస్టర్ సంజీవి రాజా. యంత్రం దగ్గర ఆయనంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నూలు వడికే ఫ్రేము పక్కన నడుస్తూ చెవితోనే ఏ బేరింగుకు నూనె కావాలో చెప్పేవాడు. ఎవరింట్లో చావు జరిగినా ముందు చేరేదీ ఆయనే. కాని ఆయన మనసులో ఒక గట్టి నమ్మకం ఉండేది. యంత్రం అబద్ధమాడదు, మనిషి ఆడతాడు. పాడైన నూలు కనిపిస్తే ముందు మనిషిని వెతికేవాడు. మంచి పనివాడే కాని తీర్పులు చెప్పడానికి పనికిరాడని అప్పట్లోనే నాకు తోచింది. పైకి అనే ధైర్యం మాత్రం లేదు.

సత్రపట్టి బట్ట

నేను చేరిన ఏడాది తిరక్కుండానే, అరవైల మొదట్లో, సత్రపట్టి నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ మగ్గాల మీద ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేస్తారు. పలచని నేత కనుక నూలులో ఏ లోపమున్నా దాగదు. మాస్టర్ నన్ను పంపితే వెళ్ళి చూశాను. నేతాయన బట్టను ఎండకెదురుగా పట్టి చూపించాడు. ఏటవాలుగా నీడలు, వాన జల్లు పడుతున్నట్టు. ఆసుపత్రివాళ్ళు మాసిన బట్ట అని తిప్పి పంపారట. ఆయన కేకలేసి ఉంటే బాగుండేది. నాకు మజ్జిగ ఇప్పించాడు.

నూలు ఏ ఫ్రేము నుంచి వచ్చిందో వెతికితే గోడవారనున్న ఒక రింగు ఫ్రేము తేలింది. దాన్ని చూసుకునే సైడరు జ్ఞానప్రకాశం. సైడరంటే ఫ్రేముకు ఒక వైపంతా తిరుగుతూ తెగిన పోగుల్ని అతికే మనిషి. అతను ఏళ్ళ తరబడి బదిలీ కార్మికుడు, అంటే ఎవరైనా రాని రోజునే పని దొరికే మనిషి. ఆ నెలలోనే పర్మనెంట్ కావలసి ఉంది. మాకు లాగానే వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాని ఊరికి ఆ చివర వాళ్ళ వీధి, అక్కడే చిన్న చర్చి. ఒకే భాష మాట్లాడుతూ మేం ఒకరి వాకిలి ఒకరం తొక్కని రోజులు అవి.

మాస్టర్ నన్ను నూలు పరీక్షించమన్నాడు. బరువు సరిగ్గా ఉంది, బలం సరిగ్గా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. అయితే నూలు మంచిదే, చెడింది అతుకుల్లో అని ఆయన తేల్చి, జ్ఞానప్రకాశాన్ని పనిలోంచి ఆపేశాడు. నా పరీక్షే అతని మీద సాక్ష్యమైంది.

మర్నాడు గేటు ముందరి టీకొట్టు దగ్గర అతను నాకోసం నిలబడి ఉన్నాడు. బతిమాలతాడేమో, ఏం చెప్పాలో అని భయపడుతూ వెళ్ళాను. అతను బతిమాలలేదు.

"సార్, నా తప్పయితే ఒక దపా చూపించండి. కండ్లతో చూసినానంటే పోతాను. చూడకుండా ఎట్లా పోయేది?"

చూపిస్తానని చెప్పి లోపలికి పోయాను.

సగటు చేసే మాయ

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మన పరీక్షలన్నీ సగటు చెబుతాయి. నూట ఇరవై గజాల నూలు చుట్టి తూస్తే, ఒక చోట లావు, ఒక చోట సన్నం అన్నీ కలిసిపోయి మంచి బరువు వస్తుంది. ఒక కాలు నిప్పుల్లో, ఒక కాలు ఐసులో పెట్టినవాడు సగటున హాయిగా ఉన్నాడని చెప్పినట్టు. నేను అబద్ధం చెప్పలేదు, కాని నేను చెప్పిన ఆ నిజం ఎందుకూ కొరగాలేదు.

మా గదిలో మూలన ఒక నల్ల పలక ఉండేది. ఒక చివర వెడల్పు, ఇంకో చివర ఇరుకు. దాని మీద నూలును పక్కపక్కన చుడితే, లోపం ఒకే దూరంలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే పలక మీద ఎక్కడో ఒక వెడల్పు దగ్గర ఆ మచ్చలన్నీ వరసలో పడి గీతలాగా కనిపిస్తాయి. లోపం ఇష్టమొచ్చినట్టు వస్తుంటే ఎక్కడా వరస కుదరదు. ఆ పలకను చాలామంది దుమ్ము తుడవడానికి కూడా ముట్టేవాళ్ళు కాదు.

చుట్టాను. సగం పలక దాటాక మచ్చలు దగ్గరకొచ్చాయి, ఇంకాస్త పోయాక గీత కట్టాయి. మనిషి అతుకు తప్పితే అది ఇప్పుడొకటి, ఇంకాసేపటికొకటి వస్తుంది. అలసిన చెయ్యి కొలత పెట్టుకుని తప్పు చేయదు. ఇంత సమదూరంలో తప్పు చేయగలిగింది తిరిగే వస్తువే.

మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలిచి, రోలర్ల నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్ళాను. దూసిన పత్తిని సాగదీసే రోలర్లకు మూడు జతల పళ్ళచక్రాలు తిప్పు అందిస్తాయి. నా లెక్క మొదటి జతలోని చిన్న చక్రం ఒక్క చుట్టు తిరిగే దూరం దగ్గర ఆగింది. ఫ్రేము ఆపించి, మూత విప్పి, గ్రీజు తుడిచి చూశాను. చిన్న చక్రంలో ఒక పల్లు అరిగి ఉంది. పెద్ద చక్రంలో రెండు పళ్ళు అరిగి ఉన్నాయి, సరిగ్గా ఒకదానికొకటి ఎదురెదురుగా. మిగతావన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

ఆరు లక్షల పైచిలుకు

ఆ పెద్ద చక్రం యంత్రంతో వచ్చింది కాదు. అసలుది రెండేళ్ళ క్రితం విరిగింది. విదేశీ సామాను తెప్పించాలంటే లైసెన్సు దొరకని కాలం. కోయంబత్తూరు ఫౌండ్రీలో పోత పోయించారు. అసలు చక్రానికి అరవై ఒక్క పళ్ళు. ఫౌండ్రీవాడు అరవై ఒకటి కుదరదు, అరవై చేసిస్తానన్నాడు. అతని ఇబ్బంది నిజమే. అరవైని సగం చేయొచ్చు, మూడు భాగాలు చేయొచ్చు, అయిదు చేయొచ్చు, గుండ్రటి చక్రం మీద ఎట్లా కావాలంటే అట్లా గీత గీయొచ్చు. అరవై ఒకటి దేనికీ లొంగదు. సంజీవి రాజా సంతోషంగా ఒప్పుకున్నాడు. చిన్న చక్రానికి ముప్పై పళ్ళు, పెద్దదానికి అరవై, సరిగ్గా రెట్టింపు. నూలులో వచ్చే కొద్ది తేడాను పక్క చక్రం మార్చి సర్దేశాడు. అందుకే నా తూకంలో ఏమీ తేలలేదు.

ఇప్పుడు చూడండి. ముప్పై, అరవై కలిసి తిరిగితే, చిన్నదాంట్లోని ఒక పల్లు తన జన్మంతా పెద్దదాంట్లోని రెండే పళ్ళను తాకుతుంది. పోతలో ఒక పల్లుకు చిన్న గరుకు ఉందనుకోండి. అది తన జత పల్లును తింటుంది. ఆ జత పల్లు పోయి ఎదురుగా ఉన్న ఇంకోదాన్ని తింటుంది. ఆ మూడూ ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఉంటాయి, మిగతావాటికి సంగతే తెలియదు. అదే అరవై ఒకటి ఉంటే, ప్రతి పల్లూ ప్రతి పల్లునూ తాకి తీరాలి. గరుకును అందరూ కొంచెం కొంచెం పంచుకుని నున్న చేస్తారు.

యంత్రం చేసినవాడు మూడు జతల్లోనూ ఈ జాగ్రత్త తీసుకున్నాడు. పెద్ద చక్రాల పళ్ళు అరవై ఒకటి, నూట ఒకటి, నూట పదమూడు. మూడూ ఒకటితో, తమతో తప్ప దేనితోనూ భాగింపబడనివి. వాటికి ఎదురున్న ముప్పై, ముప్పై ఏడు, నలభై ఏడుతో వాటికి ఏ పొత్తూ లేదు. కనుక ఒకసారి మొదలైన అమరికలోకి మూడు జతలూ మళ్ళీ రావాలంటే చిన్న చక్రం ఆ మూడింటి లబ్ధమన్ని చుట్లు తిరగాలి. ఆరు లక్షల తొంభై ఆరు వేల నూట తొంభై మూడు.

ఆ సంఖ్య ఎదురుగా రాగానే నేను చేస్తున్న పని మరిచిపోయాను. ఎంత మొండి సంఖ్య అది! సరి కాదు కనుక రెండు పోదు. అంకెలు కూడితే ముప్పై నాలుగు, మూడు పోదు. అయిదు పోదు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అట్లా వరసగా తట్టుకుంటూ పోతే అరవై ఒకటి దగ్గర గాని తలుపు తెరుచుకోదు. దాని పక్కింట్లో ఉన్న ఆరు లక్షల తొంభై ఆరు వేలను చూడండి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, ఎవరు పిలిచినా పలుకుతుంది. ఒక్క పల్లు తీసేసి అరవై చేసేసరికి మా ఆరు లక్షల చిల్లర ఇరవై రెండు వేల ఎనిమిది వందల ఇరవై ఆరుకు పడిపోయింది. నిజానికి రోగం మొదటి జతలోనే ఉంది, ఇంత పెద్ద సంఖ్య అక్కర్లేదు. దాన్ని చూసి మురిసిపోవడం నా జబ్బు. ఆ జబ్బు లేకపోతే మూత విప్పేవాణ్ణి కాదేమో.

మొదలాళి గదిలో

సంజీవి రాజా అరిగిన పళ్ళను వేలితో తడిమి చూశాడు. తర్వాత, సరే, ఇంకో అరవై చక్రం పోయిద్దామన్నాడు. జ్ఞానప్రకాశం సంగతి ఎత్తితే, వాడు అజాగ్రత్త కాడని ఈ చక్రం చెప్పిందా అన్నాడు. విషయం మొదలాళి దగ్గరికి పోయింది. మిల్లు యజమానిని మేమంతా అట్లాగే పిలిచేవాళ్ళం. తెల్ల చొక్కా, తక్కువ మాట. ఆ వారమే ఆయన అన్న కూతురి పెళ్ళి అయింది, గది నిండా ఇంకా తాంబూలాల వాసన.

నల్ల పలక బల్ల మీద పెట్టి, ముప్పై, అరవై సంగతి చెప్పాను. మాస్టర్ తన వాదన తాను చెప్పాడు. "అరవై సమంగా కూచుంటాది మొదలాళి. ఆ ఒకటి ఎందుకు? ఇంగ్లీషువాడి పిడివాదం."

మొదలాళి పలకను చాలాసేపు తిప్పి చూశాడు. గీత కట్టిన చోట వేలు పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మొన్న పెండ్లిలో మొయ్ పెట్టినారు కదా సంజీవీ. ఎవరన్నా నూరు పెట్టినారా? నూటొకటి దా పెడతారు. నూరంటే కణక్కు తీరిపోయినట్టు. ఒకటి మిగిలితే మళ్ళీ మళ్ళీ వచ్చి పోవాల. నీ చక్రంలో కణక్కు తీరిపోయింది, ఆ మూడు పండ్లు దా కొట్టుకొని చచ్చినాయి."

మొయ్ అంటే మా వైపు పెళ్ళి చదివింపులు, కణక్కు అంటే లెక్క, దా అంటే ‘మాత్రమే’. నేను ఇన్ని రోజులు కట్టిన లెక్కను ఆయన ఆ చదివింపులతో తేల్చేశాడు. పెద్దలకు గణితమంతా ముందే తెలుసని అనేవాళ్ళంటే నాకు చిరాకు. పక్కపక్క సంఖ్యలు రెంటికీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండదని మొయ్ మొదలుపెట్టినవాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కాని ఒక మాట ఎదుటివాడికి ఎక్కాలంటే అతనికి ముందే తెలిసిన దాని మీద కూర్చోబెట్టాలని ఆరోజు తెలిసింది. నేను పుస్తకంలోంచి చెబుతూ ఉంటే సాయంత్రందాకా చెప్పేవాణ్ణి.

అరవై ఒకటే పోయించమన్నాడు మొదలాళి. ఫౌండ్రీలో అచ్చు చేసే వడ్రంగి ఒక కాగితం పట్టీని చక్రం అంచు చుట్టూ చుట్టి, విప్పి, బల్ల మీద పరిచి, దాన్ని అరవై ఒక్క సమభాగాలుగా గీసి మళ్ళీ చుట్టాడు. గుండ్రంగా ఉన్నప్పుడు లొంగనిది పరిస్తే లొంగింది. కుదరదన్న పని అంత సులువుగా కుదిరినందుకు అతను కొంచెం సిగ్గుపడ్డాడు. రెండు చక్రాలూ కొత్తవి బిగించి నూలు తీసి చుడితే పలక మీద ఎక్కడా గీత కట్టలేదు. సత్రపట్టిలో బట్ట తేటపడింది. జ్ఞానప్రకాశాన్ని పనిలోకి పిలిచి ఆ నెలలోనే పర్మనెంట్ చేశారు. ఉత్తర్వు తన చేత్తోనే ఇచ్చాడు సంజీవి రాజా. క్షమించమని అనలేదు, కాని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయనకు అది చిన్న సంగతి కాదు.

తళవాయిపురం

నేనైతే కథ అయిపోయిందనుకున్నాను. గర్వంగా కూడా ఉంది. ఆ సాయంత్రం జ్ఞానప్రకాశం పరీక్ష గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞతలు చెబుతాడనుకున్నాను. చెప్పాడు, కాని అందుకు రాలేదు.

"సార్, ఆ చక్రం పెట్టి రెండేండ్లు అయిందన్నారు. నేను ఆ ఫ్రేముకు వచ్చి ఏడాదే. నాకు ముందు మాడసామన్న ఉండినాడు. ఆయన్ని కూడా ఇదే మాట చెప్పి పంపించినారు."

నేను మిల్లులో చేరకముందు జరిగింది అది. లెక్కలో ఆ మనిషి ఉండాలన్నది నాకు తట్టనే లేదు. ఆరు లక్షల చుట్లు కట్టినవాణ్ణి, ఏడాది వెనక్కి పోలేకపోయాను. ఇతను పోయాడు. తన ఉద్యోగం చేతికొచ్చిన రోజే పోయాడు.

మాస్టర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన, రమ్మనండి, బదిలీలో పెడతాను అన్నాడు. ఆదివారం జ్ఞానప్రకాశం చర్చిలో పూజ ముగించుకుని వచ్చాక ఇద్దరం తళవాయిపురం బస్సెక్కాం. మాడసామి ఇల్లు వీధి చివర. యాభై దాటిన మనిషి, వాకిట్లో మేకకు ఆకులు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి లోపలికి రమ్మనాలా వద్దా అని తటపటాయించాడు. గడప నేనే ముందు దాటాను.

చక్రం సంగతంతా చెప్పాను. ముప్పై, అరవై, గరుకు, అరిగిన పళ్ళు. ఎంత అర్థమైందో తెలియదు. పనిలోకి రమ్మన్నారని కూడా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు నడుము వంగదు, రాలేను అన్నాడు. తర్వాత లోపలికి చూసి కూతుర్ని పిలిచాడు. ఆమె చేతిలో మూరెడు మల్లెమొగ్గలు, సగం కట్టిన మాల. ఆమె వెనకాల అల్లుడూ వచ్చాడు.

"ఇప్పుడు మళ్ళీ చెప్పండి సామీ. వీండ్ల ముందర. తప్పు నాది కాదని."

చెప్పాను. ఈసారి సంఖ్యలు లేకుండా చెప్పాను. చక్రం తప్పు, మీ నాయన తప్పు కాదు. ఆయన అతికిన పోగులన్నీ మంచివే.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఏడాదిగా ఆయన నారగాని, దారంగాని ముట్టుకోలేదని అల్లుడు మాతో చెప్పాడు. చెయ్యి పాడైపోయిందని, ఏది ముడివేసినా విడిపోతుందని ఆయన నమ్మకం. మేకను కట్టే తాడు కూడా కూతురే ముడివేయాలి.

మాడసామి రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు. "అట్లయితే నా చెయ్యి బాగానే ఉండినాది" అన్నాడు, మాతో కాదు. తర్వాత కూతురి చేతిలోంచి ఆ దారం తీసుకుని, మొగ్గలు ఒక్కొక్కటే పెట్టి కట్టడం మొదలుపెట్టాడు.